పెరటి నీడలో అడవి దుంపమొక్కలు: పలనాటి తోటల్లో పేర్లు, ఋతుచక్రం, పెంపకం

వ్యాససంగ్రహం

పలనాడు జిల్లా పశ్చిమభాగంలో విస్తరించిన నల్లమల అడవుల్లో, తూర్పు కనుమల ఇతర ప్రాంతాల్లో చెట్ల నీడన పెరిగే బహువార్షిక మొక్కల్లో కొన్నింటిని ఇంటి పెరటిలోనూ పెంచవచ్చు. వీటిలో ఎక్కువ భాగం దుంప, గడ్డ లేదా కొమ్ము రూపంలో ఎండాకాలాన్ని నేలలోపల గడిపి, తొలకరితో తిరిగి మొలకెత్తుతాయి. ఈ విరామకాలాన్ని గుర్తించకపోవడమే ఇంటి తోటల్లో ఇవి నశించడానికి ప్రధాన కారణం. నాభి, నేలతాడి, చెంగల్వకోష్టు, అడవికంద అనే నాలుగు మొక్కలను ఆధారంగా చేసుకొని వాటి తెలుగు పేర్లలోని సమాచారాన్ని, పలనాటి సున్నపు నేలల్లో వాటి పెంపకపద్ధతిని, సేకరణలో పాటించవలసిన నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పలనాడు, నల్లమల, దుంపమొక్కలు, నీడతోట, వృక్షనామాలు, కార్తెలు.

1. ఉపోద్ఘాతం

పలనాడు అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేవి వీరగాథలు, నాపరాళ్ళు, ఎండ. శ్రీనాథునికి ఆపాదింపబడిన చాటువులు కూడా ఈ సీమ రాతినేలనూ జొన్నకూటినీ ప్రస్తావించాయి. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు తరచుగా నమోదయ్యే రెంటచింతల ఈ జిల్లాలోనిదే. ఇటువంటి ప్రాంతంలో నీడను కోరే అడవిమొక్కల పెంపకాన్ని గురించి మాట్లాడటం మొదట అసంగతంగా తోచవచ్చు.

అయితే 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పలనాడు జిల్లాకు మరొక ముఖం ఉంది. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి ప్రాంతాల్లో నల్లమల అడవి ఈ జిల్లాలోకి చొచ్చుకొని వచ్చింది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో కొంత భాగం ఇక్కడే ఉంది. ఆకురాల్చే ఆ అడవిలో వానకాలమంతా చెట్ల కింద పచ్చని పొర ఒకటి పరచుకొని, చలికాలం ముగిసేసరికి కనుమరుగవుతుంది. అడవిని వేసవిలో మాత్రమే చూసినవారికి ఆ మొక్కలు ఉన్నట్లే తెలియదు.

గురజాలలోనో నరసరావుపేటలోనో వేపచెట్టు కిందనున్న పెరటిమూలకు ఈ మొక్కలు చక్కగా సరిపోతాయి. అందుకు తోటమాలి అలవాట్లు కొన్ని మారవలసి ఉంటుంది. ఆ మార్పు ఏమిటో, ఎందుకు అవసరమో తెలుసుకోవాలంటే ముందుగా అడవి నీడ స్వభావాన్ని పరిశీలించాలి.

2. అడవి నీడ, పెరటి నీడ

ఉద్యానగ్రంథాల్లో అడవినీడ మొక్కల ప్రస్తావన ఎక్కువగా సమశీతోష్ణ దేశాలకు సంబంధించినది. ఐరోపా అడవుల్లోని వుడ్ అనిమోన్, జపాను కొండల్లోని కటకురి వంటి మొక్కలు వసంతారంభంలో, చెట్లు చిగురించకముందే పూస్తాయి. చెట్ల ఆకులు దట్టమై నేలకు వెలుతురు తగ్గేసరికి అవి తమ పని ముగించుకొని నేలలోకి వెళ్ళిపోతాయి. అక్కడ వాటి కాలపట్టికను నిర్ణయించేది ప్రధానంగా వెలుతురు.

నల్లమలలో ఆ స్థానం నీటిది. టేకు, నల్లమద్ది, చిరుమాను వంటి చెట్లు ఎండలు ముదిరేసరికి ఆకు రాలుస్తాయి. అప్పుడు అడవినేలకు కావలసినంత వెలుతురు ఉంటుంది, తేమ ఉండదు. అందువల్ల దుంపమొక్కలు ఆ కాలంలో పైకి రావు. తొలివానలు పడగానే కొన్ని ముందు పూవును, తర్వాత ఆకును పంపుతాయి. మరికొన్ని ఆకుతోనే మొదలుపెడతాయి. చెట్లు, వాటి కిందనున్న దుంపమొక్కలు దాదాపు ఒకే కాలంలో పచ్చబడతాయి. కాబట్టి ఈ మొక్కలకు వానకాలంలో పలుచని నీడ, వేసవిలో పొడి నేల రెండూ కావాలి.

పెరటిలో ఈ రెండో అవసరానికే భంగం కలుగుతుంది. వేసవిలో తోటమాలి అన్ని మొక్కలకూ రోజూ నీరు పోస్తాడు. వెచ్చని తడినేలలో పడుకొని ఉన్న దుంప కుళ్ళిపోతుంది. ఒకవేళ నీరు పోయకపోయినా, ఆకు ఎండిన మొక్కను చచ్చినదిగా భావించి తవ్వి పారవేస్తాడు. రెండు సందర్భాల్లోనూ నష్టానికి మూలం శ్రద్ధ లోపించడం కాదు, మొక్క నిద్రను మరణంగా పొరబడటం.

పెరటిచెట్టు ఎంపిక కూడా ముఖ్యమే. వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి ఉగాదినాటికి చిగురిస్తుంది. దాని నీడ పలుచన. మండు వేసవిలో అది నేలను కాపాడుతుంది, వానకాలంలో వెలుతురును పూర్తిగా అడ్డుకోదు. కానుగ కూడా కొంతవరకు ఇటువంటిదే. మామిడి, సపోటా చెట్ల కింద ఏడాది పొడుగునా చిక్కని నీడ ఉంటుంది. పైగా వాటి పీచువేళ్ళు పైమట్టిలోని తేమను లాగేస్తాయి. అటువంటి చోట నేలలో నాటడంకంటె, కుండీల్లో పెంచి చెట్టుకొమ్మల అంచున ఉంచడం మేలు.

3. సున్నపు నేల సమస్య

పలనాటి నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. పిడుగురాళ్ళ ప్రాంతపు సున్నం పరిశ్రమకు ఆధారం ఈ రాతిపొరలే. ఈ నేలల్లోనూ, బోరునీటిలోనూ సున్నం పాలు ఎక్కువ. క్షారగుణం గల మట్టిలో ఇనుము ఉన్నప్పటికీ వేళ్ళకు అందే రూపంలో కరగదు. ఫలితంగా లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అడవిలో ఏళ్ళ తరబడి పేరుకొన్న ఆకుమట్టిలో బ్రతికే మొక్కలను నేరుగా పెరటిమట్టిలో నాటినప్పుడు ఈ లక్షణం కనిపించే అవకాశం ఎక్కువ.

రెండో సమస్య నల్లరేగడి. వానకు ఉబ్బి నీటిని పట్టి ఉంచే ఈ మట్టిలో దుంపకు గాలి ఆడదు. అందువల్ల నేలమట్టానికి 20 నుండి 30 సెంటీమీటర్ల ఎత్తున మడి కట్టుకోవడం అవసరం. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఆకుల ఎరువు కలిపిన మిశ్రమం ఇందుకు సరిపోతుంది. మడి అంచుకు నాపరాతి పలకలు నిలపడం ఈ ప్రాంతపు అలవాటు. అటువంటప్పుడు ఏటా పైపొరగా ఆకుల ఎరువు వేస్తూ ఉండాలి. వీలైనంతవరకు ఇంటి కప్పు మీది వాననీటిని తొట్టిలో పట్టి వాడుకోవాలి. ఆకులు పసుపుబారితే, రైతులు వేరుశనగకు చేసినట్లే, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లని పూట ఆకులపై చల్లవచ్చు.

4. పేర్లు చెప్పే సంగతులు

తెలుగు వృక్షనామాల నమోదుకు గుంటూరు సీమతో సంబంధమున్న చరిత్ర ఉంది. 1845లో అమరావతి స్తూపశిల్పాలను తవ్వి తీయించిన వాల్టర్ ఇలియట్, 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' అనే వృక్షనామ పట్టికను మద్రాసులో ప్రచురించాడు. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో వాడుకలో ఉన్న మొక్కల పేర్లను వాటి శాస్త్రీయ నామాలతో జతపరచిన గ్రంథమది. అంతకుముందే సామర్లకోట కేంద్రంగా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై వెలువరించిన బృహద్గ్రంథంలో తెలుగు పేర్లకు చోటిచ్చాడు. మొక్కల పేర్లు భాషాపరిశోధకునికి ఎంత ముఖ్యమో, పెంచేవారికి అంత ఉపయోగకరం. అవి చాలాసార్లు మొక్క స్వభావాన్ని తమలో ఇముడ్చుకొని ఉంటాయి.

'అడవి' అనే పూర్వపదం ఇంటి మొక్కకు అడవిలో ఉన్న బంధువును సూచిస్తుంది. అడవిపసుపు, అడవికంద, అడవిఉల్లి ఇందుకు ఉదాహరణలు. 'నేల' అనే పూర్వపదం పెద్ద చెట్టును పోలిన చిరుమొక్కను సూచిస్తుంది. నేలవేము, నేలఉసిరి, నేలతాడి ఈ కోవలోనివి. నేలతాడి ఆకులు మొలకెత్తిన తాటిపిల్లను తలపిస్తాయి. ఇదే మొక్కకు సంస్కృతంలో తాలమూలి అని పేరు. రెండు భాషలూ తాటిచెట్టునే పోలికగా తీసుకున్నాయి. సంస్కృతనామం వేరును ముందుంచగా, తెలుగునామం నేలకు అంటుకొని ఉండే రూపాన్ని ముందుంచింది. మొదటిది ఔషధాన్ని చూసే వైద్యుని దృష్టి అయితే, రెండోది దారిన నడుస్తూ చూసేవాని దృష్టి అనవచ్చు.

నాభిని సంస్కృతంలో లాంగలి అంటారు. లాంగలమంటే నాగలి. రెండుగా చీలి వంగిన దాని దుంప నాగలి ఆకారాన్ని తలపిస్తుంది. ఈ పోలిక తెలిసినవాడు దుంపను ఎలా పట్టుకోవాలో, ఎలా పడుకోబెట్టాలో సులభంగా గ్రహిస్తాడు.

పేరు దారి తప్పించే సందర్భాలూ ఉన్నాయి. చెంగల్వ అంటే ఎర్రకలువ. చెంగల్వకోష్టు పూవు తెల్లనిదే అయినా, దానిని మోసే కంకిపత్రాలు ఎర్రనివి. ఇదే పేరుతో మూలికల దుకాణాల్లో హిమాలయ ప్రాంతపు మరొక మొక్క వేరును కూడా వ్యవహరిస్తారు. పేరు ఒక్కటి కావడంవల్ల మొక్క ఒక్కటి కాదు. కాబట్టి నాటే మొక్కను పేరుతోపాటు రూపంతోనూ సరిచూసుకోవాలి.

కావ్యసంప్రదాయంలోనూ ఈ మొక్కల జాడ ఉంది. కాళిదాసు మేఘదూతంలో తొలివానకు మొగ్గ తొడిగే 'కందళి' ప్రస్తావన వస్తుంది. అది ఏ మొక్క అన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయినా ఎండిన నేలలోనుండి వానతోపాటు పుట్టుకువచ్చే మొక్కను ఋతువుకు గుర్తుగా చూడటం మన కవులకు ప్రాచీనమైన అలవాటని దానివల్ల తెలుస్తుంది.

5. పెంపకానికి అనువైన నాలుగు మొక్కలు

5.1 నాభి: దీని శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. అడవినాభి, పొత్తిదుంప అనేవి ఇతర నామాలు. ఆకుకొనలే నులితీగలుగా మారి ఆధారాన్ని చుట్టుకొని పైకి పాకుతాయి. పూరేకులు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగుతో మొదలై క్రమంగా ఎరుపుకు తిరుగుతాయి. ఇది చిక్కని నీడను సహించదు. పొదల అంచుల్లో పెరిగే స్వభావం కనుక వేళ్ళు నీడలో, కొనలు వెలుతురులో ఉండే చోటు ఎంచుకోవాలి. దుంపను 5 నుండి 7 సెంటీమీటర్ల లోతున అడ్డంగా పడుకోబెట్టి నాటాలి. మొలకకన్ను దుంప కొనలోనే ఉంటుంది కనుక ఆ కొన విరిగితే ఆ భాగం మొలవదు. విత్తనంనుండి పెంచితే పూతకు మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు మచ్చల గొంగళిపురుగు ఆకులను తినివేస్తుంది. ఇంటి తోటలో దానిని చేతితో ఏరివేయడం చాలు.

ఈ మొక్క సర్వాంగాల్లోనూ కొల్చిసిన్ అనే తీవ్ర విషపదార్థం ఉంది. దుంపను తినే గడ్డగా పొరబడితే ప్రాణాపాయం తప్పదు. పసిపిల్లలు, పశువులు తిరిగే పెరటిలో దీనిని నాటకూడదు. దుంపను ముట్టుకున్న తర్వాత చేతులు కడుక్కోవాలి.

5.2 నేలతాడి: దీని శాస్త్రీయ నామం కర్కులిగో ఆర్కియాయిడిస్. జానెడుకు అటూ ఇటూ ఎదిగే ఈ మొక్కలో పసుపుపచ్చని నక్షత్రాల వంటి పూలు నేలమట్టంలో విచ్చుకుంటాయి. అండాశయం మట్టిలోపలే ఉంటుంది. నలుగురిలో నిజమైన నీడమొక్క ఇదే. నిటారుగా దిగే కొమ్మును కన్ను ఉండేలా సుమారు 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, 10 సెంటీమీటర్ల ఎడంలో నాటవచ్చు. నేలను తాకిన ఆకుకొన వేళ్ళు తొడిగి పిల్లమొక్కను పుట్టించడం దీని ప్రత్యేకత. ఈ గుణం ఉన్నందున, ఒక్క మొక్కతో మొదలుపెట్టినా తవ్వకుండానే దానిని పెంచుకోవచ్చు.

5.3 చెంగల్వకోష్టు: పూర్వం కాస్టస్ స్పెసియోసస్ అనీ, ప్రస్తుతం హెల్లెనియా స్పెసియోసా అనీ వ్యవహరిస్తున్నారు. కాడ చుట్టూ ఆకులు మెట్లవలె తిరుగుతూ పైకి సాగుతాయి. తెల్లని పూరేకు ముడతల కాగితంలా ఉంటుంది. ఇళ్ళలో తరచుగా కనిపించే 'ఇన్సులిన్ మొక్క' దీని కుటుంబానిదే అయినా వేరే జాతి. వాగుల ఒడ్డున, తేమగల చోట పెరిగే మొక్క కనుక పెరటిలో స్నానాలగది నీరు పారే కాలువ పక్కన నాటవచ్చు. అయితే సబ్బునీరు నేరుగా చేరకూడదు. కొమ్ములతోనూ, కాడముక్కలతోనూ సులభంగా వృద్ధి అవుతుంది. కొత్తగా ప్రయత్నించేవారు దీనితో మొదలుపెట్టడం మంచిది.

5.4 అడవికంద: ఇది అమార్ఫోఫాలస్ ప్రజాతికి చెందినది. తొలివానకు ఆకు లేకుండా పూగుత్తి ఒక్కటే నేలలోనుండి లేస్తుంది. దాని కుళ్ళువాసనకు ఈగలు, పేడపురుగుల వంటి కీటకాలు చేరి పరాగసంపర్కం జరుపుతాయి. పూత ముగిశాక ఒకే ఒక్క ఆకు గొడుగులా విచ్చుకుంటుంది. పూత రెండు మూడు రోజుల ముచ్చట కనుక కిటికీకి దూరంగా నాటితే సరిపోతుంది. గడ్డను కన్ను పైకి ఉండేలా 10 నుండి 15 సెంటీమీటర్ల లోతున ఉంచాలి. కందజాతి మొక్కల్లో ఉండే సూదుల వంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలే దురదకు కారణం. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్న సామెత వెనుక ఉన్న అనుభవం ఇదే. అడవికందను ఇంటి కందలా వండుకోవడానికి ప్రయత్నించకూడదు.

6. కార్తెల క్రమంలో తోటపని

ఈ మొక్కల జీవనచక్రం ఆంగ్లమాసాలకంటె కార్తెలతో సులభంగా పొసగుతుంది. 'రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి' అన్న నానుడిలోని కాలం మే చివరివారంలో మొదలవుతుంది. అప్పటికి మడి సిద్ధమై, పైన ఎండుటాకులు కప్పి ఉండాలి. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర దుంపలు నాటడానికి తగిన సమయం. ఒకటి రెండు మంచి వానలు పడేవరకు నీరు పోయనవసరం లేదు. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో మొలకలు కనిపిస్తాయి. అప్పుడు వాన ఎడమిస్తే వారానికి రెండుమూడు తడులు ఇవ్వాలి. నాభికి పందిరిపుల్ల నిలపవలసింది కూడా అప్పుడే.

అక్టోబరు చివర వచ్చే స్వాతి కార్తె నాటికి ఆకులు పసుపుబారడం మొదలుకావచ్చు. ఇక్కడినుండి నీరు క్రమంగా తగ్గించాలి. ఎండుతున్న ఆకును కోయకూడదు. దానిలోని సారం దుంపకు దిగేవరకు అది పనిచేస్తూనే ఉంటుంది. తానుగా ఊడివచ్చినప్పుడు తీసివేస్తే చాలు. సంక్రాంతి తర్వాత మడిని తవ్వకుండా, తడపకుండా వదిలివేయాలి. చెంగల్వకోష్టుకు మాత్రం నేల పూర్తిగా ఎండిపోకుండా పదిహేను రోజులకొకసారి కొద్దిగా తడి ఇవ్వవచ్చు. పక్కనున్న మల్లె, కనకాంబరం మడులకు వేసవిలో నీరు తప్పనిసరి కనుక వాటికీ దుంపల మడికీ మధ్య గట్టు ఉండాలి.

7. సేకరణ: చట్టం, బాధ్యత

అరుదైన మొక్కను ఇష్టపడేవారే దాని క్షీణతకు కారణమయ్యే ప్రమాదం ఈ రంగంలో ఉంది. నేలతాడి, నాభి ఔషధవాణిజ్యంలో గిరాకీ ఉన్నవి. తమిళనాడులో రైతులు నాభిని విత్తనాల కోసం పొలాల్లో పండిస్తున్నారు. నాటడానికి కావలసిన దుంపలను అడవినుండి తవ్వి తేవడంవల్ల సహజావాసాల్లో దాని సంఖ్య తగ్గిందన్న ఆందోళన ఉంది. ఆకును కోస్తే మొక్క తిరిగి చిగురిస్తుంది. దుంపను తవ్వితే మొక్కే పోతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోని అటవీ ఉత్పత్తులను అనుమతి లేకుండా తొలగించడం నేరం. మరోవైపు 2006 నాటి అటవీహక్కుల చట్టం, అడవినే ఆధారం చేసుకొని జీవించే చెంచుల వంటి సముదాయాలకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కును గుర్తించింది. గడ్డలు తవ్వుకొని తినడం చెంచుల జీవనంలో ఎంత ముఖ్యమో 1943లో వెలువడిన ఫ్యూరర్ హైమండార్ఫ్ గ్రంథం విపులంగా నమోదు చేసింది. వారి ఆకలి తీర్చే తవ్వకాన్నీ, పట్టణపు పెరటికి అలంకారం కోసం జరిగే తవ్వకాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

కాబట్టి ఇంటి తోటకు దుంపలను మరొక తోటనుండో, స్వయంగా వృద్ధి చేసే నర్సరీనుండో మాత్రమే తీసుకోవాలి. అమ్మేవారిని అది కుండీలో పుట్టినదా, అడవిలో తవ్వినదా అని అడగాలి. ఒకే పరిమాణంలో, తాజా ఇసుకమట్టితో, వేళ్ళు చక్కగా అల్లుకొని ఉన్న మొక్కలు సాధారణంగా పెంచినవి. వేళ్ళు తెగి, గాయపడి, వేర్వేరు వయసుల్లో ఉన్న దుంపలు సందేహించదగినవి. నేలవాసపు ఆర్కిడ్ల విషయంలో మరింత నియమం అవసరం. వాటి విత్తనాలు మొలకెత్తడానికి మట్టిలోని ప్రత్యేకమైన శిలీంధ్రాల తోడు కావాలి. ఆ తోడు పెరటిలో దొరకదు కనుక అడవిలోని ఆర్కిడ్‌ను ఇంటికి తేవడమంటే చాలాసార్లు దానిని చంపడమే.

8. ముగింపు

పలనాటి పెరటిలో అడవి దుంపమొక్కలను పెంచడానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పలుచని నీడ, ఎత్తైన మడి, ఆకుమట్టి, వాననీరు చాలు. వీటన్నింటికంటె ముఖ్యమైనది ఏడాదిలో సుమారు ఐదు నెలలపాటు ఏమీ కనిపించని మడిని అలాగే ఉండనివ్వగల ఓర్పు.

ఈ ఓర్పుకు తోడుగా ప్రతి మొక్క దగ్గర ఒక నామఫలకం ఉండాలి. దానిమీద తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఎక్కడినుండి వచ్చినది, ఏ కార్తెలో నాటినది అనే నాలుగు వివరాలు రాయాలి. కళాశాల ఆవరణల్లోనూ ఈ పద్ధతిని పాటిస్తే, వృక్షశాస్త్ర విద్యార్థికి మొక్క, తెలుగు విద్యార్థికి పదం ఒకేచోట దొరుకుతాయి. చూసేవారు లేని మొక్క పేరు నిఘంటువులో మిగిలినా వాడుకలోనుండి జారిపోతుంది. రోహిణి కార్తెలో మడి బోసిగా ఉన్నప్పుడు అక్కడ నేలతాడి ఉందని చెప్పేది ఆ ఫలకం ఒక్కటే. కొత్తగా పెరటిలోకి వచ్చినవారు అక్కడ గునపం వేయకుండా ఆగేది కూడా ఆ పేరు చదివే.